ఐసు ఫ్యాక్టరీలో శనివారం

టిక్కెట్టంటే ఏం లేదు, ముంజేతి మీద రబ్బరు స్టాంపు.
'చెల్లించడమైనది' అని ఉంది.
ఏ ఆఫీసు పాత సొరుగులోంచి తెచ్చారో,
నా చర్మమ్మీద తలకిందులుగా పడింది.

భీమవరం. యనమదుర్రు డ్రెయిను పక్క సందు.
ఈ ఫ్యాక్టరీ ఐసు కట్టడం మానేసి ఏడేళ్లు.
గోడలకింకా ఆ సంగతి చెప్పినట్టు లేదు,
వీపు ఆనిస్తే చల్లగా తగుల్తుంది.
ఊక వాసన, అమ్మోనియా వాసన,
ఎవరో పొట్లం విప్పిన పకోడీల వాసన.
నలభై కుర్చీలు, అరవై మంది.
ఆడవాళ్లం నలుగురం,
అందులో ఒకామె డ్రమ్ములబ్బాయి తల్లి.

నేను ఆకివీడులో రొయ్యల ల్యాబులో చేస్తాను.
జబ్బు ఉందో లేదో చెప్పే ఉద్యోగం.
ఉందన్నప్పుడు బల్లకవతల మనిషి మొహం
ఎక్కణ్ణుంచి జారడం మొదలెడుతుందో నాకు తెలుసు.
ఇవాళ మధ్యాహ్నం మూడు జారాయి.
అందుకని రాలేదు. ఎలాగూ వచ్చేదాన్నే.
ఏలూరులో విన్నాను, కాకినాడలో వానలో విన్నాను,
తణుకులో, పెళ్లి ఆగిపోయిన కళ్యాణ మండపంలో,
వాడిపోతున్న బంతిపూల కింద విన్నాను.
ఇది తొమ్మిదోసారి.

యెహెజ్కేలు గిటారు ఎత్తుకున్నాడు.
ఆదివారం పొద్దున పాలకోడేరు చర్చిలో ఇదే గిటారు
మూడు కార్డుల్లో బుద్ధిగా నడుస్తుందంట.
శనివారం రాత్రి దాని జోలికి ఎవరూ పోరు.

మొదటి దెబ్బ చెవుల్లో పడలేదు, పక్కటెముకల్లో పడింది.
అబ్బులు బేసు మీటుతుంటే
ముందు వరసలో ఖాళీ కుర్చీ ఒకటి
సిమెంటు మీద తనంతట తనే జరిగింది.
యెహెజ్కేలు తీగని పైకి తోస్తాడు.
స్వరం చేరాల్సిన చోటికి చేరదు,
వెంట్రుకవాసి కిందే ఆగి వణుకుతుంది.
ఆ వెంట్రుకవాసి కోసం ఇరవై కిలోమీటర్లు బండి తోలుకొచ్చాను.

పత్తి చేలల్లో పుట్టిన సంగీతమండీ ఇది, అన్నాడు మైకులో.
పత్తి సంగతి నాకు తెలీదు. మాది మోకాటి లోతు బురద.
మా మామ్మ ఊడ్పుల్లో పాట అందుకుంటే
చివర్న ఇలాగే కాస్త కిందికి వదిలేసేది.
అపశ్రుతి అనుకునేదాన్ని.

ఆరో పాట మధ్యలో కరెంటు పోయింది.
గిటారు గుటక మింగింది. నూకరాజుకి మాత్రం కబురందలేదు,
చీకట్లో ఒక్కడే బాదుకుంటూ చాలా దూరం వెళ్లిపోయాడు.
"ఏవండీ, జనరేటరు ఎవరికైనా ఉందా?"
వేరే ఊళ్లో అయితే నవ్వుదురు.
ఇక్కడ పదకొండు ఫోను లైట్లు పైకి లేచాయి.
"ఆయ్, నాది తెస్తాను. ఖాళీగానే ఉంది. మొన్నే పట్టేశాం."

ఆ గొంతు నాకు తెలుసు.
మంగళవారం జారిన మొహం తాలూకు గొంతు.
ఎదగని రొయ్యని అయినకాడికి అమ్ముకుని,
ఏరేటర్లు ఆపేసిన చెరువు అది.

ట్రక్కాటోలో దిగింది జనరేటరు.
దాని బొంగురు హోరు పాట కింద ఇంకో బేసులా పరుచుకుంది.
ఆయన కూర్చోలేదు.
మిగతా రాత్రంతా దాని మీద అరచెయ్యి ఆన్చి,
జ్వరమొచ్చిన పశువు పక్కన నిలబడ్డట్టు నిలబడి,
తాళానికి అర దెబ్బ ఆలస్యంగా తల ఊపాడు.
ఒకసారి నావైపు చూశాడు.
నేనే కళ్లు తిప్పుకున్నాను.
"బాగా వాయిస్తన్నారండీ," అన్నాడు, నాతోనే.

డీజిలు అయిపోవడంతో కచేరీ అయిపోయింది.
స్పీకరుకి అతికించిన పాటల చీటీ ఒలుచుకున్నాను,
మేత బస్తా కాయితం వెనక స్కెచ్ పెన్ను రాత.
'ఉప్పుగాలి'. 'అప్పు పుస్తకం'.
అట్టడుగున, వాయించకుండా మిగిలినది 'రెండో పంట'.

కాలువలు కట్టేసిన రోజులు.
వెంకయ్య వయ్యేరు గట్టు మీద తిరిగొస్తుంటే
అడుగున మిగిలిన గుంటల్లో కప్పలు,
చెవుల్లో ఇంకా ఆగని గింగురు.
ఏది ఎక్కడిదో ఉండి దాటేదాకా తేల్చుకోలేకపోయాను.

సోమవారం ల్యాబులో సబ్బుతో మూడుసార్లు కడిగాను.
చెల్లించడమైనది.
పోలేదు.